రెండు లక్షల కారు: సిల్తారాలో కొనేవాళ్ల లెక్క

సిల్తారాలో పాత కారు చూడటానికి ఎవరైనా పిలిస్తే జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్తాను. పాత స్పీకరులోంచి ఊడదీసిన ముక్క అది. గుడ్డలో చుట్టి తలుపు రేకు మీద ఆనించి నెమ్మదిగా జరిపితే, అసలు రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. పుట్టీ పూసి రంగు కొట్టిన చోట జారిపోతుంది. ఈ పరీక్ష ఎక్కడైనా చేసేదే. ఇక్కడ మాత్రం ఇంకో సంగతి బయటపడుతుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరుండే నల్ల ప్లాస్టిక్ జాలీ పక్కన అదే అయస్కాంతం తిప్పితే దానికి సన్నటి మీసాల్లా నల్లపొడి లేచి అంటుకుంటుంది. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నుంచి రాలే ఇనుప ధూళి. బండి రాయ్‌పూర్‌లో ఏదో కాలనీలో షెడ్డు కింద ఉండేదని అమ్మేవాడు ఎంత చెప్పినా, అది రాత్రిళ్లు ఎక్కడ నిలబడేదో ఆ మీసాలే చెప్పేస్తాయి.

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే హైవే మీద ఉంది సిల్తారా. గోదావరి పవర్ అండ్ ఇస్పాత్, సారడా ఎనర్జీ, జయస్వాల్ నెకో వంటి పెద్ద కంపెనీలు, వాటి చుట్టూ అనేక చిన్న ఫర్నేస్‌లు, రోలింగ్ మిల్లులు. 1959లో భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ప్రాంతానికి వస్తూనే ఉన్నాయి. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ దాకా ఉన్న రైలు మార్గమే మావాళ్ల వలసకు దారి. క్రేన్ మీద ఒకరు, వెల్డింగ్‌లో ఒకరు, లాబ్‌లో ఒకరు, స్టోర్స్‌లో ఒకరు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఏటా నాలుగు నెలలు ఇక్కడ ఉండటం మొదలయ్యాక, ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నయ్యా, రెండు లక్షల్లో ఏ కారు దొరుకుతుంది? మీరొకసారి వచ్చి చూస్తారా?"

ఈ ప్రశ్నకు నలుగురూ నాలుగు జవాబులు చెబుతారు. మారుతీయే కొనమని ఒకరు, డీజిల్ అయితే లాభమని ఒకరు, వైజాగ్ నుంచి తెచ్చుకోమని ఒకరు, అసలు పాతది వద్దు అప్పు చేసి కొత్తది కొనమని ఒకరు. వీటిలో ఏది ఎంతవరకు నిలబడుతుందో ఒక్కొక్కటిగా చూడాలన్నది నా ప్రయత్నం. నా మాట ముందే చెప్పేస్తాను. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు కారు పేరు చూసి కాదు, దాని చరిత్ర చూసి కొనాలి. చేతిలో ఉన్న మొత్తంలో నాలుగో వంతు బండి కొన్న తర్వాత కూడా చేతిలోనే ఉండాలి. రెండు లక్షలున్నవాడి కారు ధర లక్షన్నరే.

ముందు కారు అవసరమా అన్నది. చిన్న పెట్రోలు కారు కదలకుండా నిలబడినా ఖర్చు తప్పదు. 1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి ఏడాదికి 2,094 రూపాయలు, దాని మీద జీఎస్టీ. సర్వీసింగ్, ఎప్పుడో ఒకసారి వచ్చే టైర్లు, బ్యాటరీ, ఏటేటా తగ్గే ధర, ఇవన్నీ కలిపితే సంవత్సరానికి ముప్పై వేలకు తక్కువ కాదని నా అంచనా. పెట్రోలు వేరు. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగితే నెలకు 600; లీటరుకు 17 ఇచ్చే బండికి 35 లీటర్లు. లీటరు వంద లెక్కన మూడున్నర వేలు. నెలకు రెండుసార్లు మాత్రమే కారు కావలసిన ఇంటికి అద్దె బండే చౌక. ఈ మాట చాలామందికి చెప్పాను, ఇద్దరు ముగ్గురు విన్నారు కూడా.

అయినా కొనాలనుకునేవాళ్ల కారణం నాకు బాగా తెలుసు. ఈ హైవే మీద బొగ్గు, ఖనిజం, ఇనుప కడ్డీల లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. రాత్రి సీ షిఫ్టు దిగి, కళ్లు మూతలు పడుతుండగా, వానలో బైకు మీద ఆ లారీల మధ్య ఇంటికి రావడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి పసిబిడ్డకు జ్వరం వస్తే టాటీబంధ్‌లోని ఎయిమ్స్ దాకా బైకు మీద తీసుకెళ్లలేం. ఆ భయంతో కారు కొంటామనేవాళ్లను నేను ఎప్పుడూ వారించను.

కొత్తదా పాతదా అన్న వాదన 2025లో మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్సు ఉన్నది 18 శాతానికి దిగింది. ఎస్-ప్రెసో ప్రారంభ మోడల్ షోరూమ్ ధర మూడున్నర లక్షలకు, ఆల్టో కే10 మూడు లక్షల డెబ్బై వేలకు వచ్చాయి. దాంతో "కొత్తదే ఇంత తగ్గితే పాతది ఎందుకు?" అని అడగడం సహజమే. రోడ్డు ఎక్కేసరికి నాలుగు లక్షల దాకా అవుతుందనుకుందాం. లక్ష చేతి నుంచి పెట్టి మూడు లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు తీసుకుంటే నెలకు 6,300. అయిదేళ్లలో వడ్డీ 78 వేలు. కాంట్రాక్టు ఉద్యోగికి అయిదేళ్లు వరసగా ఆ కంతు కట్టడం పెద్ద భారం. ఫర్నేస్ నాలుగు నెలలు మూతపడితే మొదట ఆగిపోయేది అదే. పర్మినెంటు ఉద్యోగం, పీఎఫ్ ఉన్నవాళ్లకు మాత్రం నేనిప్పుడు కొత్త చిన్న కారునే చూడమంటున్నాను. రెండేళ్ల కిందట ఈ మాట అనేవాణ్ని కాదు. ఈ తగ్గింపు వల్ల పాత బండి ధర కూడా దిగాలన్నది కొనేవాళ్లు బేరంలో గుర్తుంచుకోవలసిన సంగతి. పత్రికల్లో వచ్చిన కొత్త ధర చూపించి అడగండి, అమ్మేవాడు తన పాత లెక్క మార్చుకోక తప్పదు. పాత కారు కోసం అప్పు మాత్రం వద్దు. కొత్త కారు అప్పు కంటే వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, పైగా రిపేరుకు దాచుకోవలసిన డబ్బు కంతుకు పోతుంది.

ఇక ఏ కారు అన్నది. మారుతీ 800 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి పదిహేనేళ్ల గడువు దగ్గర పడినవో, దాటినవో. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారుకు ఆర్సీ రెన్యువల్ చేయించి అయిదేళ్లు నడపొచ్చు. కానీ 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది, పైగా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ధరలో ఒక ఆల్టో వెతుక్కోవడం మంచిది. ఆల్టో 800 విడిభాగాలు కాంకేర్‌లోనూ దొరుకుతాయి, కొరాపుట్‌లోనూ దొరుకుతాయి; చెట్టు కింద మెకానిక్ కూడా కళ్లు మూసుకుని విప్పుతాడు. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులతో ఎక్కి దిగాలంటే ఎత్తు సీట్ల వ్యాగనార్. నడపడానికి సాఫీగా ఉండేది ఐ10. క్విడ్, డాట్సన్ రెడీ-గో ఒకే పునాది మీద, ఒకే ఇంజిన్‌తో కట్టిన కార్లు. డాట్సన్ పేరును నిస్సాన్ 2022లో మన దేశంలో ఆపేసినా రెడీ-గో ఇంజిన్ సామాను కోసం క్విడ్ దారి ఉంది. షెవర్లే 2017తో అమ్మకాలు మానేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. బీట్, ఫిగో చౌకగా వస్తాయి, ఫిగో మంచి బండి కూడా. కానీ ఒక సెన్సరు కోసం పది రోజులు బండిని షెడ్డులో వదిలేసే ఓపిక, మరో వాహనం ఉన్నవాళ్లకే అవి. నానో గురించి కూడా అడుగుతారు. ఊళ్లో తిరగడానికి చాలు, ఈ లారీల దారిలో నేను ఎక్కించను.

ఒక చిన్న విషయం మెకానిక్‌లు చెబుతారు గానీ కొనేవాళ్లు పట్టించుకోరు. ఆల్టో 800, ఇయాన్, పాత సాంత్రో ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది; కే10 ఇంజిన్‌లో, ఐ10 కప్పా ఇంజిన్‌లో చైను. రబ్బరు బెల్టుకు ఆయుష్షు ఉంది. ఎప్పుడు మార్చారో కాగితం చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. కొన్న వారంలో మార్పించాలి, ఆ డబ్బు బేరంలో తగ్గించాలి.

డీజిల్ మాటకు ఒక కాలం చెల్లింది. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగేవాడికి అప్పట్లో అర్థం ఉండేది. ప్లాంటు గేటు దాకా వెళ్లి వచ్చే బండికి పాత డీజిల్ ఇంజిన్‌లోని ఇంజెక్టర్లో, టర్బోనో పోతే ఒక్క రిపేరు పెట్రోలు ఆదా మొత్తాన్నీ మింగేస్తుంది. మారుతీ కూడా 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే డీజిల్ మానేసింది. క్లచ్ పెడల్ లేని పాత ఏఎంటీ గేర్లు కూడా ఈ బడ్జెట్‌కు పనికిరావు, నడపడం సుఖమే గానీ గేర్లు మార్చే యాక్చుయేటర్ చెడితే భరించలేం. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లు దానికి తగ్గట్టు చేసినవి కావు. అలాంటి పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. పాత పెట్రోలు పైపులు, రబ్బరు గాస్కెట్లు మార్పించుకుంటే బండి నడుస్తుంది. అమ్మేవాడు చెప్పిన మైలేజీలోంచి ఆ మేరకు తీసేసుకోండి.

మోడళ్ల కంటే ముఖ్యమైన ఒక తేదీ ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన చిన్న కార్ల ప్రారంభ మోడళ్లను గోడకు గుద్ది చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అన్నిటికీ పెద్దవాళ్ల రక్షణలో సున్నా నక్షత్రాలు. ఎయిర్‌బ్యాగ్ లేని కార్లవి. ఆ తర్వాత ప్రభుత్వం నిబంధనలు బిగించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ బ్రేకులు, అదే ఏడాది జూలై 1 నుంచి తయారయ్యే ప్రతి కారులో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు గుర్తుచేసే గంట, వేగం హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. 2019 అక్టోబరు 1 నుంచి పాత మోడళ్లు కూడా ఢీకొనే పరీక్ష దాటాలి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి.

అంటే ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ధరలో పక్కపక్కన నిలబడ్డ రెండు ఆల్టోల్లో, 2019 మార్చిలో తయారైనది ఒక కారు, నవంబరులో తయారైనది మరో కారు. తడి రోడ్డు మీద ముందున్న లారీ హఠాత్తుగా ఆగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ కాకుండా తయారైన నెల, సంవత్సరం వేరుగా రాసి ఉంటాయి. అది చూడండి. నన్నడిగితే మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ చక్రాలు, మెరిసే సీటు కవర్లు అన్నీ వదిలేసి, పదివేలో పదిహేను వేలో ఎక్కువైనా 2019 అక్టోబరు తర్వాతి బండి కోసం రెండు నెలలు ఆగమంటాను. బడ్జెట్ ఇంకాస్త సాగేవాళ్లు టియాగో చూడొచ్చు. రెండు ఎయిర్‌బ్యాగులతో అది 2020 జనవరి పరీక్షలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎర్రగా వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ బ్యాగు ఎప్పుడో పేలి ఉంటుంది, లైటు తీగ తెంపేసి ఉంటారు. అక్కడి నుంచి వెనక్కి వచ్చేయండి.

మా నాన్న నారాయణవలస సంతలో ఎద్దును కొనే ముందు మొదట నోరు తెరిచి పళ్లు చూసేవాడు. తర్వాత సుళ్లు, గిట్టలు, నడక. దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర చెబుతుంటే నాన్న కళ్లు మాత్రం ఎద్దు మీదే ఉండేవి. నీళ్లలో ఉన్న గేదెను బేరమాడటం ఏమిటో ఆయనకు తెలుసు గనుకే అంత జాగ్రత్త. ఆ సామెతలో ఉన్న సంగతినే జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని సిద్ధాంతంగా రాశాడు. బండి గుట్టు అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండ్లవాళ్లు అమ్మరు, చెత్త బండ్లే సంతలో మిగులుతాయి. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ వ్యాసం 2001లో ఆయనకు నోబెల్ తెచ్చింది. మనకు దీనిలోంచి వచ్చే పాఠం ఒకటే: సంతకు చేరకముందే మంచి బండిని పట్టుకోవాలి. ప్లాంటులో రిటైరవుతున్న ఆఫీసరుది, బదిలీ మీద వెళ్తున్న బ్యాంకు ఉద్యోగిది, పొరుగింటి టీచరుది. ఆ బండిని మనం ఆరేళ్లుగా చూస్తూ ఉంటాం. సర్వీసింగుకు ఎవరి దగ్గరికి వెళ్లేదో తెలుసు. నేను చూసిన మంచి బేరాలన్నీ నోటిమాట మీద కుదిరినవే.

అది కుదరనప్పుడు బండి పళ్లు చూడాలి. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి; 2319 అంటే 2019లో 23వ వారం. ప్రతి అద్దం మూల కంపెనీ ముద్ర, సంవత్సరం గుర్తు ఉంటాయి. అయిదు అద్దాలు ఒక ఏడాదివి, ఒకటి మాత్రం వేరేదైతే ఆ వైపు దెబ్బ తగిలింది. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగండి. కింద కుట్టిన చీటీ మీద తయారైన తేదీ కనిపిస్తుంది. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూర మీద అడ్డంగా బురద చార ఉందేమో చూడండి. సీట్లు మార్చేవాళ్లు, కార్పెట్ కడిగేవాళ్లు, అత్తరు కొట్టేవాళ్లు ఉన్నారు గానీ ఆ బెల్టు మూలను కడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. 2015 డిసెంబరు చెన్నై వరదలు, 2020 అక్టోబరు హైదరాబాద్ వానలు, 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు, ఇవన్నీ లెక్కలేనన్ని కార్లను నీళ్లలో నిలబెట్టాయి. ఇన్సూరెన్సు కంపెనీలు వదిలేసిన అలాంటి బండ్లు వేలంలో కొని, బాగుచేసి, ఆ నీళ్ల సంగతి తెలియని రాష్ట్రాల్లో అమ్మడం ఒక వ్యాపారం. ఏపీ నెంబరు బండి చౌకగా సిల్తారాలో కనిపిస్తే సంతోషపడే ముందు ఆ బెల్టు లాగండి.

మీటరు 38 వేలు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. గీతలు అరిగి నున్నగా మెరుస్తుంటే ఆ 38 వేలు నమ్మకూడదు. తలుపు కీలు బోల్టుల మీద, బానెట్ బోల్టుల మీద రంగు చిట్లి పానా ఆనవాళ్లుంటే ఆ తలుపు ఒకసారి ఊడి వచ్చింది. డిక్కీ చాప ఎత్తి స్టెప్నీ గుంతలో వేలుపెట్టి తిప్పండి. కంపెనీ సీలెంట్ ఒకే వరసలో సాఫీగా ఉంటుంది, చేత్తో పూసింది ముద్దలుగా తగులుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. అందుకే ఉదయం ఆరింటికి, మీరు చెప్పకుండా వెళ్లండి. ముందే వేడిచేసి ఉంచిన బండి తన జబ్బు దాచుకుంటుంది.

ఇక్కడి బండికి ఉండే జబ్బు ఇంకొకటి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని కడిగిన బానెట్ మీద అరచేయి జరిపితే ఇసుక కాగితంలా గరగరమంటుంది. రంగులోకి దిగబడ్డ ఇనుప రేణువులవి. వానాకాలం పోయాక తెల్ల కారు మీద నారింజ చుక్కలుగా తుప్పు పూస్తాయి. ఇది చూసి బండి వదులుకోనక్కర్లేదు, రూపం తప్ప నష్టం తక్కువ. కానీ ఆ ధూళే ఎయిర్ ఫిల్టరును, ఏసీ కండెన్సర్‌ను మూసేస్తుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లో కండెన్సర్ మూసుకుపోతే ఏసీ చల్లబడదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఏసీ వేసి, బండి కదలకుండా పదిహేను నిమిషాలు ఉంచి, ఉష్ణోగ్రత సూచి లేదా హెచ్చరిక దీపం చూడండి. సొంతూరికెళ్లే దారిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ధమ్‌తరి, కాంకేర్ దాటగానే కేశ్‌కాల్ ఘాట్ మలుపులు, జగదల్‌పూర్, కొరాపుట్ తర్వాత పొట్టంగి నుంచి సాలూరు దిగే ఘాట్. నలుగురు మనుషులు, బియ్యం బస్తాతో 800 సీసీ బండి ఆ ఎత్తులెక్కాలంటే రేడియేటరు, క్లచ్ గట్టిగా ఉండాలి; దిగాలంటే బ్రేకులు. మూడో గేరులో నిలబెట్టి క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ప్లేట్లు అయిపోయినట్టే.

ఇన్ని పరీక్షలు కొనేవాడే ఎందుకు చేసుకోవాలి? బ్రిటన్‌లో 1960 నుంచి పాత కార్లకు తప్పనిసరి తనిఖీ ఉంది. ఇప్పుడు మూడేళ్లు దాటిన ప్రతి కారూ ఏటా చూపించుకోవాలి. జపాన్‌లో మొదటి మూడేళ్ల తర్వాత రెండేళ్లకోసారి. ఆ కాగితాలన్నీ బండి వెంట నడుస్తాయి. మన సొంత కారుకు పదిహేనేళ్లు నిండేదాకా పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప బ్రేకు పనిచేస్తుందో లేదో అడిగే వ్యవస్థే లేదు. డబ్బున్నవాడు ఆరేళ్లకు బండి మార్చేస్తాడు. తనిఖీ లేని ఆ తొమ్మిదేళ్ల బరువు మోసేది రెండో యజమాని, మూడో యజమాని. ఇది అన్యాయమని నేను నిజంగా నమ్ముతున్నాను. మెకానిక్‌కు వెయ్యి రూపాయలిచ్చి గంటసేపు బండి కిందికి దూరి చూడమనడమే ప్రస్తుతానికి మనకున్న తనిఖీ. ఆ వెయ్యి మిగుల్చుకోవద్దు.

బండి నచ్చాక అసలు ప్రమాదం కాగితాల దగ్గర ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇద్దరు దళారుల చేతులు మారిన బండి కొన్నాడు. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి "ట్రాన్స్‌ఫర్ మీకిష్టమైనప్పుడు చేయించుకోండి" అన్నారు. ఏడాది తర్వాత వెళ్తే పాత యజమాని ఫోను ఎత్తడు, బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం లేదు. పైన నాలుగు ఈ-చలాన్లు. ఆ కుర్రాడు బండికి పెట్టినవి తండ్రి పొలం కౌలు డబ్బులు.

చట్టం స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30. అప్పు ఉన్న బండికి బ్యాంకు సంతకంతో ఫారం 35. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే ఫారం 28తో ఎన్‌వోసీ. పేరు మారనంత కాలం అమ్మినవాడికీ నిద్ర ఉండకూడదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది, రిజిస్టరులో ఎవరి పేరు ఉందో ప్రమాద పరిహారం విషయంలో వాళ్లే యజమాని, చేతులు ఎన్ని మారినా సరే. ఈ మాట అమ్మేవాడికి మెల్లగా చెప్పి చూడండి, ఆర్టీవో ఆఫీసుకు తనే ముందు వస్తాడు. నా పద్ధతి ఇది: టోకెన్ అడ్వాన్సు అయిదువేలకు మించదు, సగం డబ్బు బండి తీసుకున్న రోజు, మిగతాది ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు రసీదు చేతికొచ్చాక. అన్నీ బ్యాంకు ద్వారానే. అంతకుముందే ఎంపరివాహన్‌లో నెంబరు కొట్టి ఎన్నో యజమానో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకానో, హైపోథికేషన్ ఉందో లేదో, చలాన్లెన్నో చూసి, ఛాసిస్ మీది పదిహేడు అక్షరాలను ఆర్సీతో ఒక్కొక్కటిగా సరిపోల్చాలి. మారుతీ అయితే అవి ఎంఏ3తో మొదలవుతాయి.

డీలరు దగ్గర కొనేవాళ్లకు 2023 ఏప్రిల్ నుంచి కొంత రక్షణ ఉంది. పాత వాహనాల డీలరు ఆర్టీవో నుంచి అధికార పత్రం తీసుకోవాలి, బండి తన చేతికొచ్చినట్టు పోర్టల్‌లో తెలియజేయాలి. అమ్మేదాకా బాధ్యత అతనిదే. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఇక "పాత కారు మీద 18 శాతం జీఎస్టీ" అని భయపెట్టేవాళ్లుంటారు. 2025 జనవరి నుంచి ఆ రేటు నిజమే, కానీ అది రిజిస్టరైన వ్యాపారి లాభం మీద మాత్రమే. లక్షా అరవై వేలకు కొని లక్షా ఎనభైకి అమ్మితే పన్ను ఇరవై వేల మీద, 3,600. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి ఏ జీఎస్టీ లేదు.

మావాళ్లు ఎక్కువగా తడబడేది రాష్ట్రం దగ్గర. వైజాగ్‌లో బావమరిది చూసి పెట్టిన బండి తెచ్చుకుంటే సంవత్సరం దాటగానే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నెంబరు వేయించాలి. ఎన్‌వోసీ, ఇక్కడి జీవితకాల పన్ను, అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ విశాఖ ఆఫీసు చుట్టూ తిరగడం. బండిలో మిగిలిన పది, ఇరవై వేలు అక్కడే కరిగిపోతాయి, సెలవులు కూడా. ఇక్కడ ఉండేవాళ్లు సీజీ 04, పక్క జిల్లా సీజీ 07 బండ్లలోనే వెతకండి. ఢిల్లీ నెంబర్ల మీద నాకు మరీ జాగ్రత్త. అక్కడ పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక గడువు దగ్గర పడ్డవి చౌకగా బయటి రాష్ట్రాలకు వస్తున్నాయి. ఏడాది రెండేళ్లలో ఇల్లు కట్టుకుని ఊరికి వెళ్లిపోదామనుకునేవాళ్లు మాత్రం కొనడం వాయిదా వేసి, అక్కడే కొనుక్కోవడం మేలు.

ఇన్సూరెన్సు గురించి రెండు మాటలు. ఆర్సీ మీ పేరున మారి పాలసీ పాత పేరునే ఉంటే థర్డ్ పార్టీ భాగం బండితో వస్తుంది గానీ, మీ బండి దెబ్బతింటే రూపాయి రాదు. 14 రోజుల్లో మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. అది అమ్మినవాడితో వెళ్లిపోతుంది. ఆరేళ్లు దాటిన చిన్న కారుకైనా మొదటి ఏడాది పూర్తి పాలసీ తీసుకోవడం మంచిది, బండి స్వభావం ఇంకా మనకు తెలియదు కాబట్టి. ఫాస్టాగ్ పాతవాడిది మూయించి మన పేరున కొత్తది వేయించాలి.

మిగిల్చిన యాభై వేల సంగతి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిలు, మూడు ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిలు, అనుమానం ఉంటే టైమింగ్ బెల్టు. టైర్ల వయసు ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా నాలుగూ మార్చాలి; ఆల్టో 800కైతే 12 అంగుళాల చిన్న టైర్లు గనుక పన్నెండు, పద్నాలుగు వేలలో అయిపోతుంది. బ్యాటరీ. వెనక సీటు బెల్టులు పనిచేయకపోతే అవి. వీటన్నిటికీ ముప్పై, ముప్పై అయిదు వేలు పోయినా చేతిలో ఇంకా పదిహేను మిగులుతాయి. ఆరునెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది, అప్పుడు ఇవి తీయాలి.

పోయిన దసరాకు ముందు మా షిఫ్టులో క్రేన్ ఆపరేటరు ఒకతను మూడు నెలలు వెతికాడు. తెల్లగా మెరిసే రెండు బండ్లను సీటు బెల్టు చూసి వదిలేశాడు. చివరికి రిటైరవుతున్న ఒక స్కూలు టీచరు దగ్గర 2019 నవంబరు తయారీ ఆల్టో దొరికింది. ఎడమ తలుపు మీద గీత, బానెట్ నిండా నారింజ చుక్కలు, అయిదు సర్వీసు బిల్లులు వరసగా ఒక కవర్లో. లక్షన్నర కంటే కొంచెం ఎక్కువ చెప్పింది టీచరమ్మ. చుక్కలు చూపించి తగ్గించమంటే నవ్వి ఆరువేలు తగ్గించింది. ఇరవై ఆరో రోజున ఆర్సీ అతని పేరున వచ్చింది. ఆ రాత్రి షిఫ్టు దిగాక గేటు బయట డోమ్ లైటు వేసుకుని కార్డు మీద తన పేరు రెండుసార్లు చదివాడు. తర్వాత వెనక సీటు బెల్టు లాగి చూసుకున్నాడు. ఆదివారం వాళ్ల అమ్మ పార్వతీపురం నుంచి రైలు దిగుతుంది.